మేస్త్రమ్మ గుమ్మానికి చాపిన చెయ్యి

మా మనవరాలి భుజానికి ఆసుపత్రిలో నీలం రంగు బెల్టు ఒకటి తగిలించి పంపించారు. చేతిని పొట్టకి అదిమి, పట్టీ నడుం చుట్టూ తిప్పి అంటించేశారు. అంతే. పిండి లేదు, తడి లేదు, వాసన లేదు. కావాలంటే చర్రున ఊడదీసుకుని స్నానం కూడా చెయ్యొచ్చట. పిల్ల సోఫాలో కూర్చుని రెండో చేత్తో ఫోను చూసుకుంటోంది. నేను దాని ఎదురుగా కూర్చుని ఆ బెల్టునే చూస్తున్నాను.

"ఏంటి నాన్నమ్మా, అలా చూస్తున్నావు?" అంది.

"ఈ కట్టుతో నువ్వు ఎవర్నీ ఏమీ చెయ్యలేవే" అన్నాను.

అది నవ్వింది. నేను నవ్వలేదు.

మధురవాడలో మేముండే అపార్టుమెంటు సెల్లారులోంచి ఒక కారు వెనక్కి వెనక్కి వచ్చి దీని స్కూటీని గుద్దేసింది. ఆ కారు అసోసియేషన్ సెక్రటరీది. పిల్లని లేవదీసే లోపలే "పాప స్పీడుగా వచ్చి జారిపోయింది" అని వాచ్‌మన్‌తో మొదలుపెట్టి అయిదో అంతస్తు దాకా చెప్పేశాడు. మా అబ్బాయేమో, "పోనీలేమ్మా, నీళ్ళ ట్యాంకరు దగ్గర్నుంచి లిఫ్టు దాకా అన్నీ ఆయన చేతిలోనే ఉన్నాయి, రోజూ మొహాలు చూసుకోవాలి కదా" అంటున్నాడు.

ఆ మాట నాకు కొత్త కాదు. నా కుడి భుజంలో ఎముక అతుక్కున్న చోట ఆ మాట కూడా కలిసి అతుక్కుపోయి ఉంది. చలికాలం రెండూ నొప్పెడతాయి.

నేను లంగా కుచ్చిళ్ళు పైకి దోపుకుని పరిగెత్తే వయసులో ఉండగా మా ఇల్లు వన్ టౌన్‌లో, హార్బరుకి దగ్గర్లో ఉండేది. ఒకే కప్పు కింద వరసగా గదులు. ఒక్కో గది ఒక్కో సంసారం. వంట గుమ్మం బయట, నిద్ర గుమ్మం లోపల. అటు టోకు కొట్లలోంచి ఎండుమిరపకాయల ఘాటు, ఇటు సముద్రం వైపు నుంచి ఎండు మెత్తళ్ళ చేపల వాసన, మధ్యలో తడి గోనెసంచుల కంపు. ఓడకి ఎర్రమట్టి ఎక్కుతుంటే ఆరేసిన బట్టలు ఎర్రబడేవి. బొగ్గు దిగుతుంటే నల్లబడేవి. మా అమ్మ ముక్కు ఎగబీల్చి గాలి వాసన చూసి, అప్పుడు బట్టలు ఆరేసేది.

సందుకి అటు పక్క, సరిగ్గా మా గుమ్మానికి ఎదురుగా, మేస్త్రి గారి పెంకుటిల్లు. మా అయ్య ఓడల్లో సరుకు దించే కళాసీ. పొద్దున్నే గేటు దగ్గర మేస్త్రి ఎవరి పేరు పిలిస్తే వాళ్ళకే ఆ రోజు పని. పిలవకపోతే సంచీ చంకన పెట్టుకుని ఇంటికి రావడమే. అందుకని మేస్త్రి గారి భార్యని, మేస్త్రమ్మని, సందులో ఒక్కరూ ఎదురు మాట అనేవారు కాదు. ఆవిడ పెరట్లో జామచెట్టు ఉండేది. ఆ కాయలు గోడ మీంచి వంగి పిల్లల్ని పిలుస్తుండేవి. పిలిచినప్పుడు వెళ్ళకుండా ఉండడానికి మేమేం పెద్దవాళ్ళమా! రెండు మూడు సార్లు నేనూ గోడెక్కాను. ఆ సంగతి తరవాత నా మెడకే చుట్టుకుంది.

సందంతటికీ కుళాయి ఒక్కటే. అక్కడ మనుషులు నిలబడక్కర్లేదు, బిందెలు నిలబడితే చాలు. ఏ సొట్ట ఎవరిదో అందరికీ తెలుసు. ఇంకొకళ్ళ బిందె జరపకూడదు. అది మా సందు కట్టుబాటు. మేస్త్రమ్మ ఇత్తడి బిందెకి మాత్రం కట్టుబాటు లేదు. ఎప్పుడొచ్చినా ముందుకే.

ఆ రోజు అమ్మకి జ్వరం. మా బిందె పెట్టి నేను కాపలా కాస్తున్నాను. మధ్యాహ్నం కుళాయి, అందరూ లోపల కునుకు తీస్తున్నారు. నీళ్ళ ధార సన్నబడిపోతోంది, ఇక ఆగిపోతుందని తెలుస్తోంది. మేస్త్రమ్మ వచ్చి మా బిందె పక్కకి నెట్టి తన బిందె పెట్టింది. నేను ఆవిడ బిందె తీసి, మాది మళ్ళీ పెట్టాను.

"ఏటే గుంటా! నా బిందె మీద సెయ్యేత్తావా?" అని నా కుడిచెయ్యి పట్టుకుని వెనక్కి మెలిపెట్టి ఒక్క లాగు లాగింది. కుళాయి గట్టుకి భుజం కొట్టుకునేలా పడ్డాను. లోపల ఎండుపుల్ల విరిగినట్టు టక్కుమంది. మేస్త్రమ్మకీ వినపడింది. సందులో ఇటు చూసింది, అటు చూసింది. ఎవరూ లేరు. బిందె నిండేదాకా ఆగి, చంకనెత్తుకుని వెళ్ళిపోయింది. అదే నేను మరిచిపోలేనిది. విరిచినందుకు కాదు, నిండేదాకా ఆగినందుకు.

నా ఏడుపుకి జనం లేచి వచ్చేసరికి ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. "జాంకాయలకి మా గోడెక్కి పడిపోనాది. ఎన్నిసార్లు సెప్పాను, ఇంటాదేటి!" అంది. నేను అంతకు ముందు ఆ కాయలు తిన్నదాన్నే కదా. అందరూ నమ్మేశారు.

అయ్యకి మాత్రం నిజం చెప్పాను. అయ్య తలవంచుకుని విన్నాడు. ఆసుపత్రికి తీసుకెళ్తే ఎలా విరిగిందని అడుగుతారన్న భయంతో ముందు కట్టు కట్టే ముసలాయన దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయన కోడిగుడ్డు సొనలో మినప్పిండి కలిపి రాసి, వెదురు బద్దలు పెట్టి గుడ్డ చుట్టాడు. భుజానికి బద్ద ఎక్కడ నిలుస్తుంది? వాపు మెడదాకా పాకింది. గుడ్డు కుళ్ళి, ఆ వాసనకి మా మేక కూడా నా దగ్గరికి రావడం మానేసింది. చివరికి అమ్మ గోల పెడితే ఆసుపత్రికి బయల్దేరాం.

గేటు దగ్గర అయ్య నన్ను దించి, తన నెత్తి మీద నా ఎడమచెయ్యి పెట్టుకున్నాడు. "నా మీదొట్టు. ఆవిడ పేరు నీ నోటెంట రాకూడదు. ఒచ్చిందంటే మేస్త్రి మరి నన్ను పిలవడు. తిండెలాగమ్మా?" అన్నాడు. లోపలికెళ్ళి డాక్టరుతో, "గోడెక్కి పడిపోనాదండి" అని తనే చెప్పాడు. నోరు తెరిస్తే మా అందరి కూడు పోతుంది. తెరవకపోతే నేను దొంగపిల్లని. మా బళ్ళో అప్పటికే నా పేరు జామకాయల దొంగ.

అక్కడ నాకు పిండికట్టు వేశారు. ఇప్పట్లా చెయ్యిని పొట్టకి అంటించడం కాదు. నా ఎముక అతకాలంటే చెయ్యి ఎత్తి ఉండాలన్నాడు డాక్టరు. పిండి గుడ్డలు బాల్చీలో ముంచి, నీళ్ళు ఓడ్చి, నడుం దగ్గర్నుంచి మెడ దాకా చుట్టారు. చెయ్యి భుజం ఎత్తుకి లేపి, మోచేతి దగ్గర వంచి, ముంజెయ్యి ముందుకి చాచిపెట్టి మణికట్టు దాకా చుట్టారు. చెయ్యి బరువుకి వాలిపోకుండా నడుముకీ మోచేతికీ మధ్య ఒక కర్ర దన్నుగా పెట్టి దాన్నీ పిండితో కలిపేశారు. ఆరుతుంటే లోపల వెచ్చగా, ఎవరో వాటేసుకున్నట్టు ఉంది. వేళ్ళు మాత్రం బయటికి.

రిక్షాలో తిరిగొస్తుంటే నా చెయ్యి బయటికి పొడుచుకొచ్చింది. "ఈ గుంట సెయ్యి సూసి మనం పక్క సందులోకి తిరుగుతామనుకుంటన్నారు బావా, ఎనకాలోల్లంతా ఆగిపోతన్నారు" అన్నాడు రిక్షా అతను. అయ్య నవ్వలేదు.

ఆ కట్టుతో మా గది గుమ్మంలోంచి తిన్నగా వెళ్ళడం కుదరదు, పీతలాగా పక్కకి నడవాలి. పడుకోవాలంటే వెనకాల పరుపు చుట్ట పెట్టి ఆనించాలి. అమ్మ ముద్దలు కలిపి పెట్టేది. ఎముక అతకాలని రోజూ నల్లేరు పచ్చడి. ఆ కాడలు గొంతు దురద పెడతాయని చింతపండు దండిగా వేసి నూరేది. పొద్దున చోడి అంబలి, అదే రాగి జావ, దొరికిన రోజు మేక కాళ్ళ పులుసు. అంబలిలో నంజుకున్న బెల్లం పొడి కట్టులోకి జారి చీమలు పట్టాయి. లోపల చీమలు, బయట పిండి, గోక్కోవడానికి చీపురుపుల్ల. ఏడుస్తూ గోక్కుంటూ, గోక్కుంటూ నవ్వుకుంటూ గడిపాను.

మా మామ్మ, అంటే అయ్యని కన్నతల్లి, ఊరి నుంచి అప్పుడే దిగింది. చోడి చేను వదిలి వచ్చిన మనిషి. నన్ను కూర్చోబెట్టి కిందికీ మీదికీ చూసింది.

"గోడెక్కి పడ్డావా?"

నేను మాట్లాడలేదు.

"గోడెక్కి పడితే మోకాలు గీసుకోవాల. నీ మోకాలు నున్నగుందేటి?"

కళ్ళ నీళ్ళు వచ్చేశాయి.

"ఎవరో సేసినారు. పేరు సెప్పొద్దని మీ అయ్య ఒట్టేయించుకున్నాడా?"

తలూపాను.

మామ్మ కాసేపు తన ముక్కుపుడక తిప్పుకుంది. "సూపించొద్దన్నాడా?" అంది.

నేను ఆలోచించాను. అయ్య ఆ మాట అనలేదు. తల అడ్డంగా ఊపాను.

మామ్మ లేచి పీట బయటికి ఈడ్చింది. నన్ను దాని మీద కూర్చోబెట్టి, "ఎటు?" అంది. నేను కళ్ళతో ఎదురిల్లు చూపించాను. పీట రెండు చేతులతో పట్టుకుని కొంచెం ఇటు, కొంచెం అటు తిప్పింది. నా వెనకాల నిలబడి, ఒక కన్ను మూసి, నా ముంజెయ్యి మీంచి చూసింది. "మరికొంచెం ఎడమకి" అని తనకి తనే చెప్పుకుని సరిచేసింది. నా చెయ్యి తిన్నగా మేస్త్రమ్మ గుమ్మానికి గురిపెట్టి ఉంది.

ఇందులో ఏముంది అనుకుంటారేమో. మా వైపు అమ్మవారి పండగలో ఘటం ఎత్తుకున్న మనిషికి పూనకం వస్తే, ఒక్కోసారి ఏదో ఒక ఇంటి ముందు ఆగి చెయ్యి చాపి ఆ ఇంటినే చూపిస్తుంది. చూపించిందంటే ఆ ఇంట్లో తప్పు జరిగిందని లెక్క. ఇంటివాళ్ళు పసుపునీళ్ళతో బయటికొచ్చి, చేసిన తప్పు పదిమందికీ వినపడేలా చెప్పుకోవాలి. చెప్పుకునేదాకా చెయ్యి దించదు. మా సందులో వాళ్ళంతా పల్లెల నుంచి వచ్చినవాళ్ళే. చాచిన చెయ్యి అంటే ఏమిటో ఎవరికీ విడమర్చక్కర్లేదు.

రోజూ పొద్దున్నే పీట, నేను. ఎండ వస్తే మామ్మ నా నెత్తిన తడిగుడ్డ వేసేది కానీ పీట జరపనిచ్చేది కాదు. మొదట్లో వేళ్ళన్నీ వాచి ఉండేవి. వాపు తగ్గాక మూడు వేళ్ళు ముడవడం నేర్చుకున్నాను. చూపుడువేలు ఒక్కటే ఉంచాను.

కుళాయి దగ్గర గుసగుసలు మొదలయ్యాయి. "ఆ పిల్ల అటే సూపిత్తాదేటమ్మా?" "పిండికట్టు కదే, సెయ్యి దిగదు." "దిగదు సరే, ఇంకోపక్కకి తిరిగి కూకోవచ్చు కదా!" మేస్త్రమ్మ ముందు గుమ్మానికి గోనెపట్టా కట్టింది. తరవాత నిమ్మకాయలు, మిరపకాయలు. ఆ పైన బూడిదగుమ్మడికాయ. ఆవిడ పాలు విరిగిపోతే నా వల్లే. కోడి పొదగడం మానేస్తే నా వల్లే. ఒకరోజు వచ్చి మా అమ్మ మీద పడింది.

"నీ కూతుర్ని లోపల కూకోబెట్టు! నా గుమ్మానికేసి ఏటా సూపులు?"

మామ్మ బియ్యంలో రాళ్ళేరుతూ, తలెత్తకుండానే అంది: "గుమ్మంలో ఇరుక్కుంటంది కోడలా. డాట్టరు అలా పెట్టాడు సెయ్యి. ఆడికి ఎల్లి సెప్పు."

నాకు ఎంత సంతోషమో చెప్పలేను. నొప్పి ఉంది, దురద ఉంది, రాత్రి నిద్ర లేదు. కానీ పొద్దున లేవగానే పీట ఎప్పుడు వేస్తారా అని ఉండేది. ఆవిడ బిందె తీసుకుని బయటికి రావాలంటే నా వేలు ముందు నుంచే రావాలి. రావడం మానేసి పనిమనిషిని పంపించేది. అయ్య మాత్రం పనికి వెళ్తూ నా వైపు చూసేవాడు కాదు. భయం. మేస్త్రి ఇంకా పిలుస్తూనే ఉన్నాడు, ఎన్నాళ్ళు పిలుస్తాడో తెలియదు.

అలా ఉండగా మేస్త్రి గారి పెద్ద కొడుక్కి సంబంధం కుదిరేలా ఉందని, పిల్ల తరఫువాళ్ళు ఇల్లు చూడ్డానికి వచ్చారు. లోపల జంతికలు వేగుతున్న వాసన సందంతా నిండింది. గోనెపట్టా తీసేశారు, నిమ్మకాయలూ తీసేశారు, చుట్టాలు చూస్తే బాగోదని. మామ్మ ఆ రోజు నాకు తల దువ్వి, జడ వేసి, పువ్వు పెట్టి మరీ కూర్చోబెట్టింది.

పెళ్ళికూతురి అమ్మమ్మ పల్లెటూరి ముసలావిడ. జంతికలు తిని, చుట్ట కాల్చుకోడానికి అరుగు మీదికి వచ్చింది. నిప్పు వైపు నోట్లో పెట్టుకునే అడ్డపొగ. ఒక పీల్పు పీల్చి నన్ను చూసింది. నా చేతిని చూసింది. చెయ్యి ఎటుందో వెనక్కి తిరిగి చూసుకుంది.

"ఎవులే నువ్వు? ఈ గుమ్మానికేసి సూపిత్తన్నావేటి?"

నేను మాట్లాడలేదు.

"మూగదా?"

"మూగది కాదు, ఒట్టులో ఉంది" అంది మామ్మ మా గుమ్మంలోంచి.

ముసలావిడ నోట్లోంచి చుట్ట తీసింది. "ఓలమ్మా, ఇలా రా ఓపాలి!" అని మేస్త్రమ్మని పిలిచింది. ఆవిడతో పాటు లోపలున్న అందరూ వచ్చారు. కుళాయి దగ్గరి వాళ్ళూ బిందెలు వదిలేసి దగ్గరికి జరిగారు.

"ఈ గుంట మీ ఇంటికేసి సెయ్యి సూపిత్తంది. మావూళ్ళో అయితే ఇంటోల్లు తప్పు సెప్పుకోవాల. నువ్వేటి సెప్పుకుంటావో సెప్పుకో."

"అది దొంగ గుంటండి! మా జాంకాయలకి గోడెక్కి పడి ఇరగ్గొట్టుకుంది."

"గోడెక్కి పడితే గోడకేసి సూపించాల. గుమ్మానికేసి ఎందుకు?"

మేస్త్రమ్మ నా వైపు చూసింది. నేను కళ్ళు దించలేదు. చెయ్యి దించాలనుకున్నా దిగదు కదా. ఆవిడ పైపెదవి మీద చెమట పట్టింది. ఒక్కసారిగా అరిచింది:

"నాను ఇరిసీయాలని ఇరిసానేటి! నా బిందె తీసీసింది, సెయ్యట్టుకుని లాగాను, అంతే! దాని ఎముక సీపురుపుల్లలా ఉంటాదని నాకేటి తెలుసు!"

కుళాయి ఎవరి బిందెలోనో పొర్లిపోతోంది, ఆ చప్పుడొక్కటే. మేస్త్రి గుమ్మంలో నిలబడి నేల చూస్తున్నాడు.

ముసలావిడ చుట్ట గోడకి రుద్ది ఆర్పి, రొంటిన దోపుకుంది. "పదండర్రా. బిందె కోసం పరాయి పిల్ల సెయ్యి ఇరిసింది. రేపు మా గుంట పాలు ఒలకబోసిందనుకో, మెడ ఇరిసెత్తాది" అని మెట్లు దిగింది. వెళ్తూ నా బుగ్గ గిల్లింది. ఆ వేళ్ళకి పొగాకు వాసన.

నేను ముడిచిన మూడు వేళ్ళూ తెరిచాను. తెరిచి, చాలదనిపించి, మళ్ళీ ముడిచాను.

సాయంత్రం అయ్య వచ్చాడు. సంగతంతా గేటు దగ్గరే తెలిసిపోయిందట. అన్నం తిని పడుకున్నాడు. మర్నాడు పొద్దున మామ్మ లేవకముందే పీట బయట వేసి ఉంది. అయ్యే వేశాడు. నన్ను ఎత్తి కూర్చోబెట్టి, నా వెనక్కి వెళ్ళి చూసి, కొంచెం సరిచేసి, సంచీ తీసుకుని పనికి వెళ్ళిపోయాడు. మేస్త్రి పిలవడం మానలేదు కానీ, చాలా నాళ్ళు బొగ్గు ఓడకే పిలిచాడు. అయ్య ఒళ్ళంతా నల్లగా, పళ్ళు తెల్లగా ఇంటికొచ్చేవాడు. నన్ను ఒక్క మాట అనలేదు.

కట్టు కోసేసినప్పుడు నా చెయ్యి సన్నగా, పాలిపోయి, వేరే ఎవరిదో అన్నట్టుంది. మామ్మ చూపు మాత్రం ఊడదీసిన పిండికట్టు డొప్ప మీద ఉంది. "బాబూ, అది మాకిచ్చీ" అని అడిగింది. కోసినతను నవ్వి ఇచ్చేశాడు. దాన్ని ఇంటికి తెచ్చి, మళ్ళీ తాళ్ళతో బిగించి, మణికట్టు దగ్గర అంబలి తెడ్డు దోపి, మా చూరుకి వేలాడదీసింది. తెడ్డు ఎటు చూపిస్తుందో చెప్పక్కర్లేదు కదా.

వానలు పడేలోపు మేస్త్రమ్మ జామకాయల బుట్ట పట్టుకుని వచ్చింది. "అత్తా, అది దించీ. నీ కాళ్ళట్టుకుంటాను" అంది.

"నా కాళ్ళెందుకు? సెయ్యి దానిది" అంది మామ్మ.

ఆవిడ నా వైపు తిరిగింది. తప్పయిపోయిందని అంటుందేమోనని చూశాను. ఆ మాట రాలేదు. బుట్ట నా ముందు పెట్టింది. నేను బుట్ట తీసుకెళ్ళి మేక ముందు పెట్టాను. మేక ఒక్కో కాయా కొరుకుతుంటే ఆవిడ నిలబడి చూసింది, నేను కూర్చుని చూశాను. అంత రుచిగా నేను తిన్నది మరొకటి లేదు. డొప్ప వానలకి తనే కరిగి రాలిపోయింది. కానీ ఆ తరవాత ఆ కుళాయి దగ్గర ఇత్తడి బిందె కూడా వరసలోనే నిలబడింది.

ఇన్నేళ్ళయినా ఆవిడ మీద నాకు జాలి లేదు. అడిగినవాళ్ళకి అదే చెబుతాను.

ఈ పొద్దున మా అబ్బాయి ఆఫీసుకి వెళ్ళాక, ప్లాస్టిక్ కుర్చీ ఒకటి లిఫ్టులో వేసుకుని సెల్లారులోకి దిగాను. సెక్రటరీ గారి కారు ఆగే చోటుకి ఎదురుగా వేసుకుని కూర్చున్నాను. కుడిచెయ్యి ఎత్తి చాపాను. పాత చోట నొప్పి కలుక్కుమంది. ఈ వయసులో చెయ్యి ఎంతసేపు నిలబడుతుంది? చేతికర్ర తీసి నడుముకీ మోచేతికీ మధ్య దన్నుగా పెట్టుకున్నాను. నిలబడింది.

"ఏటమ్మా, ఎవరికేసి సూపిత్తన్నారు?" అన్నాడు వాచ్‌మన్. శ్రీకాకుళం వైపు మనిషి. అంటూనే అతని మొహం మారింది. పై అంతస్తు ఆడవాళ్ళు ఇద్దరు లిఫ్టు దిగి, నన్ను చూసి, నా వేలు చూసి, కారుని చూసి ఆగిపోయారు.

కాసేపటికి వెనకాల చెప్పుల చప్పుడయింది. మా మనవరాలు, నీలం బెల్టుతో. నాకేం పిచ్చి పట్టిందని అడుగుతుందనుకున్నాను. అది నా కుర్చీ వెనకాల నిలబడింది. వంగింది. నా ముంజెయ్యి మీంచి చూసినట్టుంది, దాని ఊపిరి నా చెవికి తగిలింది. పీట తిప్పిన మామ్మ చేతులు, బొగ్గు అంటిన అయ్య చేతులు రెండూ ఒక్కసారి నా వీపు మీద ఆనినట్టయింది.

"కొంచెం ఎడమకి, నాన్నమ్మా" అంది.